సంచి జేబుల్లో ఇంటిపేర్లు

నేను ఒక సంచిని. కూరల సంచిని కాను, బడి సంచినీ కాను. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి కుట్టిన నల్ల సంచిని. ఒంటినిండా జేబులే. మనిషికి ఇన్ని జేబులు ఎందుకో నాకు అప్పట్లో తెలియదు. ఇప్పుడైనా పూర్తిగా తెలిసిందని చెప్పను.

చెన్నై శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా పట్టీ కుట్టిన ఆవిడ రోజూ పొద్దున్నే మిషనుని తాకి కళ్ళకద్దుకున్నాకే పని మొదలుపెట్టేది. ఆవిడ ఎవరికి దణ్ణం పెట్టిందో నాకు తెలియదు. నా ఒంట్లో చాలా భాగాలు చెడ్డాయి గానీ ఆ పట్టీ మాత్రం ఇంతవరకు తెగలేదు. నాతోపాటు పుట్టిన నాలుగు వందల సంచులకూ నుదుటి మీద ఒకే కంపెనీ గుర్తు కుట్టి, పెట్టెల్లో సర్ది హైదరాబాదు పంపారు.

అక్కడ ఒక చల్లటి హాల్లో, పదేళ్ళ సర్వీసు నిండినవాళ్ళకు మమ్మల్ని పంచారు. ఒక్కొక్కరు వెళ్ళి సంచి అందుకుంటుంటే మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పదేళ్ళ కష్టానికి సంచి ఇస్తే మనుషులు సంతోషిస్తారని అప్పుడే తెలిసింది. నేను ముకుందం గారి చేతికి వచ్చాను. నెమ్మదైన మనిషి. తీరిక లేకపోయినా పొద్దున దీపం పెట్టందే ఇల్లు కదిలేవారు కాదు.

ఆయన పని, కంపెనీకి సరుకు అందించే చిన్న చిన్న వ్యాపారులకు మార్కులు వెయ్యడం. యాభైకి తగ్గితే పేరు జాబితాలోంచి కొట్టెయ్యడం. ఆ జాబితాలన్నీ నాలోనే ఉండేవి. ఒకరోజు అట్టపెట్టెలు చేసే పెద్దాయన ఒకరు ఆఫీసు దాకా వచ్చి, సోఫాలో కూర్చోకుండా నిలబడే అడిగాడు.

“పదహారేళ్ళు పెట్టెలిచ్చానండి. పేరు తీసేశారు, సరే. నేను చేసిన తప్పేంటో చెబితే దిద్దుకుంటాను.”

ముకుందం గారు ల్యాప్‌టాప్ తెరిచి చూశారు. “మీకు నలభై ఒకటి వచ్చిందండి” అన్నారు.

“అదేనండి, నలభై ఒకటి ఎందుకొచ్చింది?”

దానికి జవాబు ల్యాప్‌టాప్‌లో లేదు. ఆయన దగ్గరా లేదు. పెద్దాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్న ముకుందం గారు దిగాల్సిన చోట దిగలేదు. రెండు స్టాపులు దాటాక దిగి, వెనక్కి నడిచారు.

ఆరు నెలలకు ఉద్యోగం మానేశారు. తప్పు ఎక్కడుందో చెప్పేవాడు లేక దెబ్బతినే చిన్న వ్యాపారుల పక్కన కూర్చోవాలని ఆయన కోరిక. భార్య హైమవతి గారికి తునిలో బడిపంతులమ్మ ఉద్యోగం. ఇన్నాళ్ళూ సెలవులకే కలుసుకున్న మొగుడూ పెళ్ళాలు ఇప్పుడు తునిలో ఒక ఇంట్లోకి వచ్చారు. “ఈయనకేమైందమ్మా, బంగారంలాంటి ఉద్యోగం” అని చుట్టాలు అడిగితే ఆవిడ, “ఏమీ కాలేదు. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకపోతే ఆయనకు తోచదు. ఇంట్లో నేను వినను గనక ఊళ్ళోవాళ్ళకు చెబుతారు” అనేది.

మేడ మీద గది తీసుకుని ‘చిన్న వ్యాపారులకు సలహా, శిక్షణ’ అని బోర్డు పెట్టారు. రెండు నెలల్లో ఇద్దరు వచ్చారు. ఒకాయన బీమా పాలసీ అమ్మడానికి. ఇంకొకాయన, మానేసిన ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటే తన అల్లుడికి ఇప్పించమని.

మూడో మనిషి నూకరత్నం గారు; ఆవిడ రాలేదు, మేమే వెళ్ళాం. బజారువీధిలో పూజా సామాను కొట్టు ఆవిడది. అత్తగారి కాలం నుంచీ ఉన్న కొట్టు. హైమవతి గారు వత్తులూ కర్పూరం అక్కడే కొనేవారు. ఆవిడ మాట మీద ముకుందం గారు నన్ను భుజాన వేసుకుని వెళ్ళారు. నూకరత్నం గారు పోకచెక్కలు ఏరుతూనే ఆయన్ని ఎగాదిగా చూసింది.

“వింటానండి. వినడానికి ఏం పోయింది. మీరు కూచోడానికి ఆ పీట జరుపుకోండి, దాని కాలు ఒకటి పొట్టిది.”

ఆవిడ కష్టం ఇదీ. ఎదురుగా నాలుగంతస్తుల పెద్ద షాపు వెలిసింది. అందులో వ్రతానికో పెట్టె, నోముకో పెట్టె, రంగురంగుల అట్టమీద దేవుడి బొమ్మతో సహా అమ్ముతున్నారు. ఈ కొట్టుకు వచ్చేవాళ్ళు సగమయ్యారు. కొట్టున్న గది సొంతదారు గంగయ్య గారు దాన్ని సెల్‌ఫోన్ల షాపుకు అద్దెకిస్తానంటున్నాడు. “కార్తీక పౌర్ణమి దాకా చూస్తానండి” అంది ఆవిడ. “అప్పటికీ ఇలాగే ఉంటే మర్నాడు తాళంచెవి ఇచ్చేస్తాను. మా అత్తగారు వెలిగించిన దీపం నా చేత్తో కొండెక్కినట్టే.”

చివరి మాట అన్నప్పుడు ఏరుతున్న చెయ్యి ఆగింది.

ముకుందం గారు వారం రోజులు ఆ పొట్టికాలు పీట మీద కూర్చున్నారు. చేతిలో గడియారం. ఒక్కో మనిషికి ఎంతసేపు పడుతోందో రాసుకున్నారు. ఒకావిడ పసుపుకొమ్ములు కొనడానికి ఇరవై నిమిషాలు. అందులో రెండు నిమిషాలు పసుపుకు, పద్దెనిమిది కబుర్లకు. పైగా ప్రతివాళ్ళకూ కొసరు. గుప్పెడు వత్తులు, రెండు పోకచెక్కలు, పొట్లం కట్టాక మళ్ళీ విప్పి మరో చిటికెడు కుంకం.

ఎనిమిదో రోజున నా జిప్పు లాగి, ల్యాప్‌టాప్ తీసి, బొమ్మలు చూపించి చెప్పారు. మనమూ సెట్లు కడదాం. అందరికీ ఒకటే సెట్టు, ముందే కట్టి ఉంచుదాం. కొసరు వద్దు. మాటలు తగ్గించాలి. పెద్ద షాపులో రెండు నిమిషాల్లో అయ్యే పని ఇక్కడా రెండు నిమిషాల్లో అవ్వాలి.

ఆవిడ బొమ్మల్ని శ్రద్ధగా చూసింది. “చదువుకున్నవారు. మీరు చెప్పినట్టే చేస్తానండి” అంది. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. దానికే నాకు భయమేసింది.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం నాడు సెట్లు చకచకా వెళ్ళాయి. ముకుందం గారి మొహం వెలిగిపోయింది. మంగళవారం పొద్దున మూడు సెట్లు వెనక్కి వచ్చాయి. ఒకరికి అటుకులు లేవట. ఒకరింట్లో కలశానికి ఎర్రగుడ్డ కట్టరట, తెల్లదాన్ని పసుపులో ముంచాలట. మూడో ఆవిడ సెట్టు బల్లమీద పెట్టి, “అదేటి రత్నం, నిన్న నాతో మాట్లాడనేలేదు, కోపమా” అని అడిగింది. తరువాతి సోమవారానికి సెట్లు సగమే కదిలాయి. ఎలాగూ సెట్టే అయితే అందమైన పెట్టెలో ఉన్నదే కొనుక్కుంటారు కదా. ఆ మాట నాకు తోచింది. సంచి మాట ఎవరు వింటారు?

పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులుందనగా ఒక పిల్ల వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చేతిలో పెద్ద షాపువాళ్ళ కేదారేశ్వర నోము పెట్టె.

“దీంట్లో తోరం నూలుది ఉందండి. మాది నూలో పట్టో నాకు తెలీదు. అక్కడ అడిగితే ఏదైనా ఒకటే మేడం అన్నారు. మా అత్తగారు పోయి రెండేళ్ళు కావొస్తోంది. నిరుడు ఏడాది మైలని నోము ఆపేశాం. ఈ ఏడు నేనే ఎత్తుకోవాలి. మావారికి బూరెలు తినడమే తెలుసు గానీ ఇంకేం తెలీదు.”

నూకరత్నం గారు నోరు తెరవబోయి ఆగింది. పీట వైపు తిరిగింది.

“బాబుగారూ, మాట్లాడొచ్చాండీ?”

ముకుందం గారు చేతిలోని గడియారాన్ని ఒకసారి చూసుకుని, తెచ్చి నా పక్క జేబులో వేసేశారు. చల్లగా, బరువుగా జారి అడుక్కి చేరింది. “మాట్లాడండమ్మా” అన్నారు.

“మీ ఇంటిపేరేంటి తల్లీ?”

“పైడికొండల వారండి.”

“సుభద్రమ్మగారి కోడలివా. కూచో. మీది పట్టు తోరం. ఇరవై ఒక్క పేట, పసుపురంగు. నూలు ముట్టరు మీ ఇంట్లో. నైవేద్యానికి అందరూ అరిసెలు, మీకు మాత్రం పూర్ణం బూరెలు. ఎందుకంటే మీ అత్తగారికి అరిసెల పాకం ఏనాడూ కుదరలేదు. మొదటి ఏడు రాయిలా వచ్చాయట, మీ మామగారు పన్ను పట్టుకుని కూచున్నారట. మరుసటి ఏడు నుంచి ఆవిడే బూరెలకి మార్చేసింది. ఇక్కడే, ఆ మెట్టుమీద కూచుని చెప్పి నవ్వేది.”

“ఆవిడ నవ్వేవారా? నాతో ఎప్పుడూ బూరెల పిండి పలచనైంది అనడమేగానీ” అని ఆ పిల్ల ఆ మెట్టుమీదే కూర్చుంది. తరువాత ఫోను తీసి అన్నీ మొదటి నుంచి చెప్పించుకుని రాసుకుంది. పెద్ద షాపు పెట్టెను ఏం చెయ్యాలో తెలియక వెళ్తూ అక్కడే వదిలేసింది.

ముకుందం గారు అడిగారు. “అమ్మా, తోరం దారం మారితే దేవుడికి నిజంగా కోపం వస్తుందంటారా?”

“దేవుడికెందుకొస్తుందండి. ఆ పిల్లకి నిద్రపట్టదు, అంతే.”

ఆ రోజు ల్యాప్‌టాప్ తెరవలేదు. ముకుందం గారు ఆ పొట్టికాలు పీట మీద ముందుకు వంగి, మొదటిసారి చెప్పడం మాని అడగడం మొదలుపెట్టారు. ఇలా ఎన్ని ఇళ్ళవి తెలుసు? ఎక్కడా రాసిపెట్టలేదా? “రాయడమేటండీ, గుర్తే కదా” అంది ఆవిడ. మీకేమైనా అయితే? ఆవిడ ఆ పెద్ద షాపు పెట్టెను చేత్తో పక్కకు జరిపి, “కాగితాలు తెండి” అంది.

రెండు రోజులు ఆవిడ చెప్పడం, ఆయన రాయడం. చీటీకో ఇల్లు. బొడ్డువారు, కలశానికి తెల్లగుడ్డ. యినుగంటివారు, అటుకులూ బెల్లం తప్పనిసరి. ముత్యాలవారికి తమలపాకులు జత ఎక్కువ, ఎందుకో వాళ్ళకే తెలియదు. చీటీలు పెట్టడానికి చోటు లేక ల్యాప్‌టాప్ బయటకు తీసి నా జేబుల్లో వరస ప్రకారం సర్దారు. ‘అ’కారం వాళ్ళు ముందు జేబులో. ‘ప’కారం వాళ్ళు ఎక్కువమంది, వాళ్ళకు పెద్ద అర. సెట్లన్నీ విప్పేశారు. కొట్టు ముందు ఒక అట్ట కట్టారు: ‘మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం సామాను’. కొసరు మళ్ళీ వచ్చింది. కబుర్లూ వచ్చాయి. అయితే కబుర్ల మధ్యలో ముకుందం గారి కలం కూడా కదిలేది.

ఆ పైడికొండల పిల్ల తన తోటికోడల్ని పంపింది. ఆవిడ మరో ఇద్దర్ని. అద్భుతమేమీ జరగలేదు, ఎదుటి షాపు ముందు కార్లు తగ్గలేదు. కానీ పౌర్ణమినాడు మధ్యాహ్నం దాకా నూకరత్నం గారికి మంచినీళ్ళు తాగే తీరిక దొరకలేదు.

మర్నాడు గంగయ్య గారు తాళంచెవికి వచ్చాడు. ఆవిడ ఇచ్చింది మాత్రం ప్రసాదం.

“ఉంటానండి గంగయ్యగారూ. వచ్చే కార్తీకానికీ ఉంటాను.”

“ఉండండి, మరి అద్దె పెంచుతాను” అన్నాడాయన ప్రసాదం నోట్లో వేసుకుంటూ.

“తెలుసండి. అది మీ ఇంటి ఆనవాయితీ.”

ముకుందం గారు పకపకా నవ్వారు. తరువాత నా పట్టీ మీద చెయ్యి వేశారు, ఇంటికి తీసుకువెళ్దామని. నూకరత్నం గారు రెండో పక్క పట్టుకుంది. “సంచి ఇవ్వనండి. అందులో ఊరంతా ఉంది. కావాలంటే బియ్యం సంచి ఉతికిస్తాను.” ఆయన నిజంగానే ల్యాప్‌టాప్‌ను బియ్యం సంచిలో పెట్టుకుని వెళ్ళారు. ఇప్పుడు చెప్పుల కొట్టు ఆయన దగ్గర, టైలరు దగ్గర కూర్చుంటున్నారని విన్నాను. మొదటి నెల నోరు మెదపరట. హైమవతి గారు ఇది నమ్మడం లేదు.

నేను మేకుకు వేలాడుతున్నాను. ఒళ్ళంతా కర్పూరం వాసన. నుదుటి మీది గుర్తు దారాలు ఊడి, ఏ కంపెనీయో ఎవరూ చదవలేరు. ఎవరి దేవుడికి ఏది ఇష్టమో అన్నీ నాలోనే ఉన్నాయి గానీ, ఇవన్నీ దేవుడు అడిగినవా, మనుషులు ఒకరినొకరు గుర్తుపెట్టుకోవడానికి పెట్టుకున్నవా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మొన్న మాఘమాసంలో ఒక జంట వచ్చింది. కొత్తకాపురం. అతనిది ఈ ఊరే, ఆ అమ్మాయిది విజయనగరం. కులాలు వేరట. రెండిళ్ళవాళ్ళూ మాట్లాడటం లేదట. సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుందామని వచ్చారు. “మీ ఇంటి ఆనవాయితీ ఏంటమ్మా” అని అడిగితే ఆ అమ్మాయి తల వంచుకుంది.

“మాకు లేదండి. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.”

నూకరత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని కొత్త చీటీ తీసింది. “అయితే ఇవాళ పెట్టుకుందాం. ప్రసాదం ఎలాగూ రవ్వదే. దానితోపాటు నైవేద్యానికి నీకు ఏది బాగా వచ్చు?”

ఆ అమ్మాయి మొగుడి వైపు చూసింది. “సేమ్యా పాయసం ఒక్కటే వచ్చండి.”

“సేమ్యా పాయసం” అని ఆవిడ పైకి చదువుతూ రాసింది. “జీడిపప్పు వేస్తావా? వేస్తావు. రాశాను. రేపు నీ కోడలు వచ్చి అడిగితే చెప్పాలి కదా. ఇంటిపేరు?”

ఇద్దరూ ఒకేసారి చెరో పేరు చెప్పి ఆగిపోయారు. నూకరత్నం గారు రెండూ రాసి, చీటీని మడిచి, నా జేబుల్లో ఖాళీగా ఉన్నది వెతికి అందులో పెట్టింది.