ఒకటి కొడితే నడుపు, రెండు కొడితే ఆపు

అన్నయ్య షెడ్డుకీ నా షెడ్డుకీ మధ్య ఒక గోడ ఉంది. నిజానికి రెండు షెడ్లు లేవు. ఉన్నది ఒకటే షెడ్డు, చేసేది ఒకటే పని. చెప్పుల దుకాణాలకీ మందుల దుకాణాలకీ అట్టపెట్టెలు చేసిస్తాం. ఆ గోడ కట్టించింది మాత్రం చట్టం. పనివాళ్లు పదిమంది అయ్యారంటే దాన్ని ఫ్యాక్టరీ అంటారు. ఫ్యాక్టరీ అంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే ముందొక వీధీ, వెనకొక వీధీ, ఫైరింజను తిరిగేంత ఖాళీ జాగా చూపించాలి. మా సందులో రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాలి.

"తొమ్మిదిమంది దగ్గర ఆగిపోండి" అన్నాడు ఆడిటరు బాబాయి. ఆయన నాన్న స్నేహితుడు, మా లెక్కలన్నీ ఆయనే చూస్తాడు. "ఇంకా మనుషులు కావాలంటే ఇంకో సంస్థ పెట్టుకోవాలిరా. మధ్యలో గోడ లేపి, అటుపక్కది చెల్లెలి పేరున రాయించెయ్. అందరూ చేసేదే."

అలా నేను కూర్చున్నచోటే యజమానినైపోయాను. అంతకుముందు అన్నయ్య దగ్గర జీతానికి జిగురు పూసేదాన్ని. ఆ తరవాత కూడా అదే జీతానికి అదే జిగురు పూశాను. గుమ్మం మీద నా పేరుతో బోర్డు వేలాడింది, అంతే తేడా. "ప్రొప్రైటరమ్మగారూ, ఆ జిగురు బకెట్టు కాస్త ఇటు తోయండి" అని నా దగ్గర పనిచేసే ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వక ఏం చేస్తాను?

చిక్కల్లా కటింగ్ మెషినుతో వచ్చింది. అది షెడ్డు మధ్యలో ఏనుగులా పడుకుని ఉంటుంది. దాన్ని జరపడానికి చోటు లేదు, రెండోది కొనే తాహతు లేదు. మేస్త్రీ చాలాసేపు బుర్ర గోక్కుని, మెషిను నడుము దగ్గర ఖాళీ వదిలి దాని మీదుగా గోడ కట్టేశాడు. దాంతో మెషిను నోరు అన్నయ్య సంస్థలో, తోక నా సంస్థలో ఉండిపోయాయి. అట్ట అటువైపు లోపలికి వెళ్లి, కోత పడి, రోలర్ల మధ్యనుంచి ఇటువైపు బయటికొస్తుంది. స్విచ్చి అటువైపు ఉంది. అట్ట ఇరుక్కునేది మాత్రం ఎప్పుడూ ఇటువైపే. గోడకి ఒక తలుపు పెట్టమంటే బాబాయి ఒప్పుకోలేదు. తలుపుంటే రెండూ ఒకటేనని అధికారులు పట్టేస్తారట.

గోడ లేనప్పుడు నేను చెయ్యెత్తితే అన్నయ్య చూసి ఆపేసేవాడు. గోడ వచ్చాక మనిషి కనపడడు, పిన్నులు కొట్టే మెషిన్ల మోతలో పిలుపు వినపడదు. అందుకని ఒక చెక్క సుత్తి పెట్టుకున్నాం. గోడ మీద ఒకటి కొడితే నడుపు, రెండు కొడితే ఆపు.

ఆ రోజు అట్ట ఇరుక్కుంది. సుత్తితో రెండు కొట్టాను. మెషిను ఆగింది. రోలర్ల మధ్యకి చెయ్యి పెట్టి అట్ట ముక్క లాగుతున్నాను. నా వెనకాల, నా దగ్గరే పనిచేసే మా పెద్దత్త, అంటే వదిన వాళ్ల అమ్మే, మోయలేక మోయలేక తెచ్చిన అట్టల కట్టని గోడకి ఆనించింది. ఆనించడం కాదు, కట్ట చేయిజారి గోడకి ధడేల్‌మని కొట్టుకుంది.

అవతల అన్నయ్యకి ఒక దెబ్బ వినపడింది.

ఆ మోతని మించిన నా అరుపు విని అన్నయ్య మెషిను ఆపాడు. కానీ నా దగ్గరికి రావాలంటే తన గుమ్మం దాటి సందులోకి వచ్చి, నా బోర్డు కిందనుంచి లోపలికి రావాలి. నాకూ వాడికీ మధ్య ఉన్నది ఒక ఇటుక మందం. వాడు వచ్చేదాకా పెద్దత్త నా తల పట్టుకుని ఏడుస్తూనే ఉంది.

ఆటోలో కార్మికుల ఆస్పత్రికి తీసుకెళ్లారు. చేతి ఆపరేషన్లు బాగా చేస్తారని దానికి పేరు. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "వేళ్లు నలిగాయి గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడే మొదలుపెడితే నిలబెట్టొచ్చు. ఆలస్యం చేస్తే తీసెయ్యాల్సిందే. కార్డు చేయించుకు రండి, నేను థియేటరు సిద్ధం చేయిస్తా" అంది. దేవతలా కనిపించింది నాకు.

కౌంటరులో గుమాస్తా కంప్యూటర్లో నా పేరు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "ఈ పేరు కార్మికుల్లో లేదండీ. కార్మికశాఖ జాబితాలో యజమాని అని ఉంది."

"అది ఉత్త పేరుకే సార్" అన్నాడు అన్నయ్య. "ఇది నా చెల్లెలు, నా దగ్గర పనిచేస్తుంది."

"మీ దగ్గరా? మీ సంస్థ నంబరు చెప్పండి."

మాకు నంబరు లేదు. పదిమంది ఉన్నచోటే ఆ ఆస్పత్రికి చందా కడతారు, పనివాళ్లకి కార్డులిస్తారు. ఆ పదో మనిషికి భయపడే మేం గోడ కట్టుకున్నాం.

అంతలో ఆడిటరు బాబాయి పరుగెత్తుకొచ్చి అన్నయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, నోరు జారకు. రెండూ ఒకటేనని అన్నావంటే మూయించేస్తారు. జైలు కూడా పడొచ్చు."

అన్నయ్య ఆ చెయ్యి విదిలించుకున్నాడు. వాడు అలా గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "గోడ అబద్ధం సార్. రెండు షెడ్లూ నావే. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, దీంతో కలిపి పంతొమ్మిదిమందిమి. రాసుకోండి. ఏం శిక్ష వేస్తారో వేసుకోండి. ముందు దాని చెయ్యి చూడండి, మీ కాళ్లు పట్టుకుంటా." నిజంగానే కౌంటరు కిందకి వంగాడు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "లేవండి బాబూ. మీరు చెప్పింది నేను రాస్తే మీ షెడ్డు మూతపడుతుంది. అమ్మాయికి మాత్రం ఇవాళ మంచం రాదు. కార్డు ఇవాళ్టినుంచి ఇవ్వగలరేమో, పొద్దున జరిగిన దెబ్బకి ఎలా ఇస్తారు? నేను వినలేదనుకుంటాను. పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి."

డాక్టరమ్మ లోపల ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది. అటు తలుపువైపు చూస్తూ, ఇటు ఆటో ఎక్కాను.

పెద్దాస్పత్రిలో బారెడు వరస. మా వంతు వచ్చేసరికి అక్కడి డాక్టరు నా మొహం చూడకుండా అన్నయ్యతో మాట్లాడాడు. బొటనవేలు ఉంచాడు. తక్కినవి తీసేశాడు.

ఇంటికొచ్చాక బాబాయి మొహం మాడ్చుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పాపం, ఏదో ఒకటి చెయ్యాలని ఆయన తాపత్రయం. "నష్టపరిహారానికి దావా వెయ్యొచ్చమ్మా. దెబ్బ తగిలిన చోటు ఎవరిదో, ఆ యజమాని ఇచ్చుకోవాలి" అన్నాడు.

"మెషిను తోక ఎవరి సంస్థలో ఉంది బాబాయ్?" అని అడిగాను.

"నీ సంస్థలోనేనమ్మా" అన్నాడు.

"అయితే నా మీద నేనే దావా వేసుకుంటా. గెలిచినా నేనే, ఓడినా నేనే. ఫీజు మాత్రం మీకే" అన్నాను. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, ఏడుపైపోయింది. వదిన నన్ను చంటిపిల్లలా ఒళ్లోకి తీసుకుంది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. పెద్దత్త మీదనా? అన్నయ్య మీదనా? నా కడుపు మంట చల్లార్చుకోవడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు.

కట్టు విప్పాక షెడ్డుకి వెళ్లాను. అన్నయ్య గునపంతో నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెషిను ఆ రోజునుంచీ తిరగలేదు. "పగలగొట్టేస్తానే" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పగలగొట్టి?"

"పగలగొట్టి..." గునపం మొన నేలకి ఆనించాడు.

నా వెనకాల ఆడవాళ్లు జిగురు బకెట్ల దగ్గర కదలకుండా నిలబడ్డారు. ఎవరూ ప్రొప్రైటరమ్మగారూ అనలేదు. గోడ పోతే లైసెన్సు కావాలి. లైసెన్సుకి ఈ సందు చాలదు. ఇంకో చోటికి పోయే శక్తి మాకు లేదు. గోడ పడిన మర్నాడు వీళ్లందరూ ఏ గుమ్మం ఎక్కుతారు? నేను ఏ గుమ్మం ఎక్కుతాను? ఈ చెయ్యి చూసి నాకు పని ఎవరిస్తారు?

"గునపం అవతల పారెయ్యి అన్నయ్యా. వెళ్లు. స్విచ్చి దగ్గరికి వెళ్లు."

"నా వల్ల కాదే."

"నా వల్లా కాదు. వెళ్లు."

వాడు సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లాడు. పిన్నుల మెషిన్లు ఆపించాను. పిన్నుల మెషిన్లు ఆపించాను. పెద్దత్త సుత్తి తెచ్చి నా ఎడమచేతిలో పెట్టింది. గోడ మీద ఒకటి కొట్టాను.

మెషిను కదల్లేదు.

గోడకి చెవి ఆనించాను. అవతల అన్నయ్య వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నా దెబ్బ వాడికి వినపడింది. స్విచ్చి మీదకి చెయ్యి పోవడం లేదు. ఇంకోసారి కొట్టి "నడుపు" అని చెబుదామని సుత్తి ఎత్తాను.

కానీ రెండోది కొడితే ఆపమని అర్థం. ఎత్తిన చెయ్యి అలాగే పట్టుకుని నిలబడిపోయాను.