రెండో కార్డు

"ఈరోజు మన పేరు పిలవరేమోనే," అన్నాను ఆటో దిగకముందే.

"ఇంట్లో ఒకసారి అన్నావు, దారిలో రెండుసార్లు అన్నావు. ఇక పిలవకపోతే వాళ్ల తప్పు కాదమ్మా," అంది మా అమ్మాయి. ఈమధ్య దాని మాటలో గొంతు తక్కువ, గాలి ఎక్కువ.

దానికి మెడ కింద కుడివైపు గడ్డ. మొదట ఉసిరికాయంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వేలితో నొక్కి చూసి, స్కానింగ్ చేస్తేగాని ఏ సంగతీ చెప్పలేనన్నాడు. ఆలస్యం చేయొద్దని కూడా రాసిచ్చాడు. ఆలస్యం చేయొద్దని రాసిన ఆ కాగితం పట్టుకుని వెళ్తే స్కానింగ్ కౌంటరులో ఆసుపత్రి కార్డు మీద ఏడు నెలల తరవాతి తేదీ రాసి ముద్ర వేసిచ్చారు. ఆ తేదీ ఈరోజే.

మా అమ్మాయి చిన్న తరగతి పిల్లలకు టీచరు. మూడు నెలలుగా దానికి పాఠం చెప్పే పని తీసేసి నోటు పుస్తకాలు దిద్దే పని ఇచ్చారు. గొంతు బాగుపడకపోతే ఏడాది చివర ఆ పనీ ఉండదని హెడ్మాస్టరు నెమ్మదిగా చెప్పాడట. నా భయం ఉద్యోగం గురించి కాదు. నేను దేనికి భయపడుతున్నానో దాని పేరు మా ఇంట్లో ఎవరం పలకం.

హాల్లో బెంచీలన్నీ నిండిపోయాయి. మోకాలికి కట్టున్న ఒక పెద్దాయన కాస్త జరిగి మాకు చోటిచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపేవాడట.

"మీకు ఎన్నో నెలమ్మా?" అనడిగాడు.

"ఏడు నిండాయండీ."

"నాకు తొమ్మిది నిండాయి. ఇవాళో రేపో."

మా అమ్మాయి నవ్వింది. భుజాలు కదిలాయి గాని శబ్దం రాలేదు.

"లోపల మిషను పాడైందంటారేమో," అన్నాను. "డాక్టరు సెలవు పెట్టాడేమో. కరెంటు పోతే మళ్లీ ఇంకో తేదీ ఇస్తారట కదండీ?"

"మీ పక్కన కూర్చుంటే బాగున్న కాలు కూడా వణుకుతోందమ్మా," అన్నాడు డ్రైవరు.

మాకిచ్చిన సమయం పదిన్నర. పదిన్నరకు తలుపు తెరిచి నర్సు వేరే పేరు పిలిచింది. ఒక నడివయసు ఆవిడ, చెల్లెలి చెయ్యి పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. పావుగంట చూసి మా అమ్మాయి కౌంటరు దగ్గరకు నడిచింది. వెనకే నేను.

కౌంటరులో కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి కంప్యూటరులో నంబరు కొట్టింది. మళ్లీ కొట్టింది.

"ఈ నంబరు రద్దయిందండీ."

"ఎవరు రద్దు చేశారు?"

"ఎవరూ చేయక్కర్లేదు. మనిషికి ఒకటే నంబరు. కొత్త కార్డు తీస్తే పాతది దానంతటదే పోతుంది. మూడు వారాల కిందట మీ పేరు మీద కొత్త కార్డు తీశారు."

"మేం తీయలేదు."

"తీశారండీ. ఇక్కడ కనిపిస్తోంది."

"నా పేరున్నవాళ్లు ఇంకెవరో అయ్యుంటారు. మీ పొరపాటుకి నేను ఏడు నెలలు..." గొంతు బొంగురుపోయింది. మింగి, మళ్లీ మొదలుపెట్టింది. "నాకు ఈరోజు తేదీ ఉంది. మీరే రాసిచ్చారు. చూడండి, మీ ముద్రే."

"మీ నాన్నగారి పేరే, మీ పుట్టిన తేదీయే, మీ ఇంటి నంబరే."

"అయినా అది నేను కాదు. పెద్దవాళ్లను పిలవండి."

అది అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. లైనులో వాళ్లందరూ తిరిగి చూస్తున్నారు. నేను సంచిని పొట్టకు అదుముకుని నిలబడ్డాను. కొత్త కార్డు ఆ సంచిలోనే, జిప్పు అరలో ఉంది.

మూడు వారాల కిందట ఒక ఆలోచన పట్టుకుంది నన్ను. ఏడు నెలల కిందట రాసిన పేరు ఇంకా ఉంటుందా? కార్డు మీదున్న నంబరుకి నాలుగు రోజులు ఫోను చేశాను. మోగడమే గాని ఎత్తే నాథుడు లేడు. అమ్మాయి బడికి వెళ్లాక ఒక్కదాన్నే ఇక్కడికి వచ్చాను. కార్డులు రాసే కిటికీలో మనిషిని, మా అమ్మాయి పేరు ఉందా లేదా చూసిపెట్టు బాబూ అని బతిమాలాను. "ఇక్కడ చూడటం కుదరదమ్మా, కొత్త కార్డు అయితే తీసిస్తాను," అన్నాడు. దేనికైనా రెండు ఉంచుకోవడం నా అలవాటు. తాళంచెవులు రెండు, అగ్గిపెట్టెలు రెండు, ప్రతి కాగితానికీ రెండు జిరాక్సులు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది కదా. తీసివ్వమన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

జిప్పు తీసి కార్డును కౌంటరు మీద పెట్టాను.

మా అమ్మాయి మాట మధ్యలోనే ఆగిపోయింది. కార్డు వంక చూసింది. నా వంక చూడలేదు.

"అయ్యో, ఎందుకు తీశారమ్మా?" అంది కళ్లజోడు అమ్మాయి. అందులో కసురు లేదు. కసిరితే బాగుండేది. "ఫోను చేసి కనుక్కోవాల్సింది."

"చేశానమ్మా. ఎత్తలేదు."

"ఎత్తరు. ఆ సీటులో మనిషి లేడు."

"పాతదాన్నే మళ్లీ బతికించు తల్లీ. నీకు పుణ్యముంటుంది."

"నా చేతుల్లో లేదమ్మా. ఆ చోటు అప్పుడే ఇంకొకరికి వెళ్లిపోయింది. ఇప్పుడు కొత్త కార్డు మీద ముందు డాక్టరుకి చూపించాలి. ఆయన మళ్లీ రాస్తే స్కానింగ్ తేదీ ఇస్తాం. ఇప్పుడైతే ఎనిమిది నెలలు నడుస్తోంది."

"అర్జంటు అని రాయించుకొస్తే?"

"అర్జంటు అని రాయించుకున్న వాళ్లకే ఎనిమిది నెలలు."

వెనక నుంచి ఎవరో దగ్గారు. పక్కకు జరిగాం.

పదిన్నరకు లోపలికి వెళ్లినావిడ బయటికొచ్చి, చెల్లెలి భుజం మీద తల పెట్టుకుని మా ముందు నుంచే నడిచి వెళ్లింది. ఆవిడను తిట్టుకుందామని చూశాను. చేతకాలేదు.

బెంచీ మీద కూర్చున్నాం. మా ముఖాలు చూసి డ్రైవరు ఇంకాస్త జరిగాడు.

"తిట్టవే," అన్నాను. "నలుగురిలో తిట్టినా పడతాను."

అది చేతిలోని పాత కార్డును మడతపెట్టింది.

"పేరు పోయిందేమోనని భయపడ్డాను. నువ్వంటావుగా, మా అమ్మకు భయమే భోజనమని. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

మెడ మీద చెయ్యి పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

"మీ నాన్నకు నేనే చెప్పుకుంటాను. రేపు పొద్దున్నే వచ్చి డాక్టరు కాళ్లయినా పట్టుకుంటాను. వింటున్నావా?"

డ్రైవరును పిలిచారు. ఆయన లేచి, ఒక్క క్షణం మా దగ్గర నిలబడి, కుంటుకుంటూ వెళ్లాడు. తరవాత ఇంకా చాలామందిని పిలిచారు. భోజనాల వేళయింది. కౌంటరు అద్దం మూశారు. హాల్లో మేమూ, నేల తుడిచే ఆవిడా మిగిలాం. ఆవిడ కాళ్లు ఎత్తమంటే ఇద్దరం కాళ్లు ఎత్తాం, తడి ఆరాక దించాం.

"నామీద అంత కోపమా?" అని అడిగాను.

నా వైపు తిరిగింది.

"కోపం కాదమ్మా," అంది. చెవి దాని నోటి దగ్గర పెడితేగాని వినపడలేదు. "మాట్లాడితే నొప్పి పుడుతోంది. నెల దాటింది. చెబితే నువ్వు భయపడి ఇక్కడికి పరిగెత్తుతావని చెప్పలేదు."