బరువు నటించడం రానివాడు

క్రషర్ బెల్టు మీంచి జారిపడిన రాళ్లను తట్టకెత్తి, తట్టను భుజానికెక్కించుకుని, పర్శరాములు దుమ్ములోంచి నడిచి వస్తున్నాడు. సన్నటి కాళ్లు, వంగిన మెడ, కనుబొమల మీద తెల్లటి రాతిపొడి. మొహంలో మాత్రం ఏమీ లేదు. ఊరివాళ్లు దుబాయ్ అనే ఈ ఫుజైరా క్వారీలో మొహం బిగిస్తే ముదీర్ కంట, అంటే మేనేజరు కంట, పడుతుంది. ముసలాడయ్యాడని ఊరికి టికెట్టు కొంటాడు. అందుకని ఎంత బరువైనా పెళ్లికి పోతున్నవాడిలా మోయడం ఆయన అలవాటు చేసుకున్నాడు.

ఆ అలవాటే సినిమావాళ్ల దగ్గర కొంప ముంచింది.

కిందటి చలికాలం ఒక డాక్యుడ్రామా బృందం ఇక్కడి సముద్రపొడ్డున దిగింది. తూర్పు ఆఫ్రికా అడవుల నుంచి రేవుదాకా ఏనుగు దంతాలు మోసిన కూలీల చరిత్రట. అక్కడి మనుషులను తెప్పించడం ఖర్చని క్వారీలో బక్కవాళ్లను ఏరుకున్నారు. పర్శరాములుకు రంగు పుయ్యాల్సిన పని పడలేదు; ఎండ ఎప్పుడో పూసిపెట్టింది. దంతం థర్మకోల్‌ది. "హెవీ, హెవీ" అని డైరెక్టరు మొత్తుకున్నాడు. పర్శరాములు వినయంగా తలూపి, మళ్లీ హాయిగా నడిచాడు. ఆఖరికి కెమెరాను ఆయన వెనక్కి మార్చారు. ఎందుకని ఆయన అడగలేదు. తెరమీద తన మొహం చూడమని లింగవ్వకు మాత్రం చెప్పేశాడు. పెళ్లయినప్పటి నుంచీ దుబాయ్‌లో మొగుడేం చేస్తాడో ఆమె కళ్లతో చూడబోయేది ఇదే మొదలు.

సినిమా ఇవాళ యూట్యూబులోకి వచ్చింది. మధ్యాహ్నం ఎండ విరామంలో, రేకుల షెడ్డు కింద, రూమ్మేట్ రత్నాకర్ ఫోనును నీళ్లసీసాకు ఆనించాడు. గేటు గార్డు ముటువా, కెన్యా మనిషి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

తెరమీద ఒక ప్రొఫెసరమ్మ మాట్లాడింది. తర్వాత కూలీలు ఏడుస్తూ నడిచారు. మళ్లీ ప్రొఫెసరమ్మ.

"మేడమ్ సచ్ బోల్తీ," అన్నాడు ముటువా తన క్వారీ హిందీలో. ఆమె చెప్పేది నిజమట, తన తాతల దారి గురించి ఇన్నాళ్లకు ఒకరు నోరు విప్పారట. "నాటక్ ఝూట్." నటనే అబద్ధమట, వాళ్లవాళ్లు పాడుకుంటూ, కొట్లాడుకుంటూ మోసేవాళ్లట. ఇందులో ఏడుపు తప్ప ఏమీ లేదట.

"ఏడ్వకుంటే ఎవడు జూస్తడు భాయ్," అన్నాడు రత్నాకర్.

అప్పుడు తెరమీదికి ఒక దంతం, ఒక మెడ, ఒక వీపు వచ్చాయి. వెనకాల ఇంగ్లీషులో ప్రొఫెసరమ్మ గొంతు.

"ఏమంటున్నదిరా?" అడిగాడు పర్శరాములు.

"గీళ్ల పేర్లు ఎవ్వలు రాసుకోలేదంటున్నది, మామా."

వీపు వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన మేకకు మొహం స్పష్టంగా ఉంది. కాసేపటికి సినిమా అయిపోయి పేర్లు పడ్డాయి. మేకను అద్దెకిచ్చినాయన పేరు కూడా పడింది.

లింగవ్వ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, గా ఏన్గు బొక్క మోసేటోడు నువ్వేనా?"

"అవ్. నేనే."

"మొకమేది? వాడకట్టోళ్లనంత పిల్సి కూసోవెట్టిన. నీ వీపు జూడనీకా?"

"మొకం రెండో భాగంల ఉంటదట."

"నడక మాత్రం నీదే. బరువున్నదా?"

"ఏం లేదు. పుల్ల లెక్క."

రెండో భాగం లేదని ఆయనకూ తెలుసు. నడుం వాలుస్తానని గోడవారన పడుకుని, తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

పని బెల్లు మోగింది. "యల్లా, లెవ్వు మామా," అని రత్నాకర్ రెండుసార్లు పిలిచాడు. తువ్వాలు తీసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మళ్లీ కప్పాడు.

సాయంత్రం క్యాంపులో ఆయన సామాను సర్దింది రత్నాకరే. దిండు కింద మీసాలకు వేసే నల్లరంగు పొట్లం దొరికింది. షూటింగు రోజు సగం వాడి, మిగతా సగం గాలి తగలకుండా మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.