ఎదుటి పక్షం వకాల్తా

ఉద్యోగ విరమణ చేసి సొంత దేశానికి తిరిగొచ్చిన రాయబారిగారికి ఏమీ తోచలేదు. ఏళ్ల తరబడి అంతర్జాతీయ సంస్థలో పనిచేసి, ఉప్పూ నిప్పూలా ఉండే దేశాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన మనిషి ఆయన. ఇక్కడ రాజీ చేయడానికి దొరికింది పై వాటావాళ్లూ కింది వాటావాళ్లూ మాత్రమే. మెట్ల దగ్గర సైకిలు ఎవరు పెట్టుకోవాలన్న తగాదాను వారం తిరక్కుండా తేల్చేశారు. ఆ తర్వాత గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.

అదను చూసి రంగంలోకి దిగాడు బావమరిది. సభలకు కుర్చీలూ మైకులూ అద్దెకివ్వడం అతని వ్యాపారం. ఏ పార్టీ మీటింగయినా కుర్చీలు తనవే కాబట్టి రాజకీయం తనకు కొట్టిన పిండి అని అతని నమ్మకం. అధ్యక్ష ఎన్నికలు వస్తున్నాయి, బావగారు నిలబడి తీరాలన్నాడు. పరాయివాళ్ల గొడవలు తీర్చిన మనిషికి మన దేశం ఒక లెక్కా అన్నాడు. రాయబారిగారు మొహమాటపడ్డారే గానీ వద్దనలేదు.

ఆయన భార్యకు మాత్రం ఇది సుతరామూ నచ్చలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వెంట దేశాలు మారుతూ, భాష తెలియని విందుల్లో నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టించుకున్న ఇల్లాలు ఆవిడ. పెట్టెలు ఈమధ్యే అటకెక్కించింది.

"ఏమండీ, మన వీధిలోకి చెత్తబండి ఏ రోజున వస్తుందో తెలుసా మీకు?" అని అడిగింది.

"కనుక్కుంటాను."

"అదేదో కనుక్కున్నాక నిలబడండి."

ఆయన మర్నాడే కనుక్కుని, నామినేషన్ వేసి వచ్చారు.

ప్రచారం అంతంతమాత్రంగానే సాగింది. బస్సు డిపో ముందు సభ పెడితే, మీరు మా పక్షమా, యాజమాన్యం పక్షమా అని డ్రైవర్లు సూటిగా అడిగారు. రెండు వైపులా న్యాయం ఉందనీ, ముందు ఒకరి బాధ ఒకరు వినాలనీ ఆయన ఎంతో ఓర్పుగా వివరించారు. వాళ్లు మర్యాదగా విని, ఒక్కొక్కరే లేచి బస్సులెక్కి వెళ్లిపోయారు.

కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ బావమరిది అడిగాడు, ఇంతకీ మీరు ఎవరి వైపు అని.

"నేను ఏ వైపూ ఉండకూడదు కదా" అన్నారు రాయబారిగారు.

"అది ఉద్యోగంలో, బావగారూ. ఎన్నికల్లో ఒక వైపు మీరే."

ఆ మాట ఆయన్ని రెండు రోజులు కలతపెట్టింది.

ప్రధాన ప్రత్యర్థిని జనం లారీల ఆయన అనేవారు. డ్రైవరుగా మొదలై లారీల కంపెనీకి యజమాని అయిన మనిషి. గొంతు గంభీరమే గానీ మాటకూ మాటకూ పొంతన ఉండదు. వాక్యం మొదలుపెడితే అది ఏ రేవులో తేలుతుందో ఆయనకే తెలియదు. ఆయన చెప్పేది అభిమానులకు కూడా అర్థమయ్యేది కాదు, గట్టిగా చెబుతాడన్న ఇష్టం తప్ప.

ఎన్నికలకు ముందు టీవీలో ఇద్దరికీ చర్చ పెట్టారు. ఉతికి ఆరేసి రమ్మని బావమరిది మరీ మరీ చెప్పాడు. రాయబారిగారు ముఖానికి పౌడరు రాయించుకుని, కోటుకు మైకు తగిలించుకుని, బల్ల మీది నీళ్ల గ్లాసు ముందు కూర్చున్నారు. లారీల ఆయన అందుకున్నారు. రోడ్లన్నారు, కుళ్లిపోయిన టమాటాలన్నారు, రాజధానిలో కూర్చున్నవాళ్లకు ఏం తెలుసన్నారు, ఆస్పత్రి ఎక్కడో ఉందన్నారు, మా అమ్మ అన్నారు, ఆగిపోయారు. యాంకరు నవ్వు దాచుకోలేదు.

ఏ అభ్యర్థికైనా అదే సరైన సమయం. కానీ రాయబారిగారి చేయి అలవాటుగా కళ్లజోడు మీదికి పోయింది.

"మీరన్నది నాకిలా అర్థమైంది. తప్పయితే సరిదిద్దండి" అంటూ ప్రత్యర్థి వైపు తిరిగారు. "మనం రోడ్లన్నీ రాజధాని నుంచి ఊళ్లకు వేస్తున్నాం. మీరు ఊరి నుంచి పక్క ఊరికి వెయ్యమంటున్నారు. రోగి ఆస్పత్రికి, పంట బజారుకు పోయేది ఆ దారినే గానీ రాజధాని దారిన కాదు. అంతేనా?"

లారీల ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నారు.

"అదే" అన్నారు గొంతు తగ్గించి. "ఎన్నేళ్లుగానో నేను మొత్తుకునేది అదే."

ఇక ఆగలేదు. పన్నులన్నారు, బళ్లన్నారు, రేవులన్నారు. లారీల ఆయన విసిరిన ప్రతి చిక్కుముడినీ రాయబారిగారు విప్పి, సాపు చేసి, జనం ముందు పరిచారు. తన వంతు వచ్చేసరికి ధన్యవాదాలు చెప్పడానికే టైముంది. స్టూడియో అద్దం అవతల బావమరిది నెత్తిమీద చేయి పెట్టుకున్నాడు.

మర్నాడు బస్సుల్లో, బడ్డీకొట్ల దగ్గర ఒకటే మాట. లారీల ఆయన చెప్పేది ఇన్నాళ్లకు బోధపడిందన్నారు. ఓట్లు కూడా ఆయనకే కుప్పలుతెప్పలుగా వేశారు.

ఫలితాలు వచ్చిన సాయంత్రం బావమరిది టీవీ కట్టేసి, మన వీధివాళ్లే మనల్ని ముంచారని వాపోయాడు. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"నేనూ ఆయనకే వేశానురా" అంది.

"నువ్వా? అక్కా, నువ్వా?"

"మీ బావగారే కదా అంత చక్కగా చెప్పారు."

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. రాయబారిగారికి మాత్రం కోపం రాలేదు. జీవితమంతా ఎందరి చేతో సంతకాలు పెట్టించారు గానీ, ఏ మాటకు మనసు కరిగిందో ఒక్కరూ ఆయనతో చెప్పి పోలేదు. భార్య దగ్గరకు కుర్చీ జరుపుకున్నారు.

"ఏ మాట దగ్గర మారింది నీ మనసు?"

"మాటకి కాదు. ఆయన వాళ్లమ్మ సంగతి తెచ్చి ఆగిపోయాడు చూడండి, అన్నీ విడమరిచిన మీరు దాన్ని మాత్రం ముట్టుకోలేదు. నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపి ఊరుకున్నారు." ఆవిడ చొక్కా మడత సరిచేసింది. "మీరే అధ్యక్షుడైతే ఈ పని ఇంకెవరు చేస్తారనిపించింది."

ఆయన కళ్లజోడు తుడుచుకోవడంలో పడ్డారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అంతలో ఫోను మోగింది. కొత్త అధ్యక్షుడే. ప్రమాణ స్వీకారం రోజున ప్రసంగం చెయ్యాలట, ఏం చెప్పాలనుకుంటున్నాడో తనకే అంతుపట్టడం లేదట, ఒకసారి రావచ్చా అని అడిగారు. రాయబారిగారు భార్య వైపు చూశారు.

"రమ్మనండి" అంది ఆవిడ.

లారీల ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చి, ముందుగదిలో చెప్పులు విడిచి, కూర్చోకుండానే మొదలుపెట్టారు. మధ్యాహ్నమైనా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, రాయబారిగారు వింటూనే ఉన్నారు.