గడపలో కూర్చున్నవాళ్లు

పొద్దున్నే గుండీల వదిన గది తలుపు ఊడదీశారు. వరుసలోని గదులవాళ్లంతా చూస్తుండగానే బందుల మరలు ఒక్కొక్కటే విప్పి, తలుపును తోపుడు బండి మీద వేసుకుపోయారు.

అద్దె బాకీపడ్డవాళ్లను మెడపట్టి గెంటితే పోలీసులు, కోర్టులు, నానా గొడవ. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఆ విద్యలో ఓనరు ఆరితేరినవాడు. అందుకే ఆయన ఎవర్నీ ఖాళీ చెయ్యమనడు. "తలుపు పాడైంది, బాగు చేయించి తెస్తా" అంటాడు. ఎదిగిన ఆడపిల్లను పెట్టుకుని తలుపు లేని గదిలో ఏ తల్లి ఎన్నాళ్లుంటుంది? తనంతట తానే మూటాముల్లె సర్దుకుంటుంది.

ఆ తలుపు తీసింది పరాయివాడు కాదు. అదే వరుసలో చివరి గదిలో ఉండే వడ్రంగి, ఇస్త్రీ అక్క మొగుడు.

"నీకు చేతులెట్లా వచ్చాయయ్యా?" అని ఇస్త్రీ అక్క బండి దగ్గరే నిలదీసింది. "ఆ పిల్ల లోపల స్నానానికి నీళ్లు తోడుకుంటోంది. అదైనా చూశావా?"

"నేను తియ్యకపోతే రేపు మన తలుపు తీయిస్తాడు. మనం మాత్రం అద్దె సరిగ్గా కట్టామా?" అన్నాడు వడ్రంగి తల వంచుకుని. తర్వాత అతనికీ కోపమొచ్చింది. "నన్నంటున్నావు సరే, సాయంత్రం నీ పనేంటి? నువ్వూ పోయి ఆ గడపలోనే కూర్చుంటావుగా! నేను మరలు పీకాను. నువ్వు పరువు పీకుతావు."

అతనన్నది నిజమే.

గుండీల వదిన ఇంట్లో కూర్చుని రెడీమేడ్ చొక్కాలకు గుండీలు కుడుతుంది. గది అడ్వాన్సు కట్టడానికి గ్రూపులో అప్పు తీసింది. గ్రూపంటే ఆ వరుస ఆడవాళ్లే. తాకట్టు పెట్టుకోవడానికి పేదవాళ్ల దగ్గర ఏముంది? అప్పిచ్చే కంపెనీ, వాళ్ల ఇరుగుపొరుగునే తాకట్టు పెట్టుకుంది. ఒకరి కంతు ఆగితే మిగతావాళ్లంతా పనులు మానుకుని ఆమె గడపలో కూర్చోవాలి. కంతు పడేదాకా లేవకూడదు. సిగ్గుతో చచ్చి, ఎక్కడో అక్కడ పుట్టించి తెస్తుందని వాళ్ల లెక్క. ఈ గ్రూపుకు ఇస్త్రీ అక్కే లీడరు.

ఓనరు అడ్వాన్సు మింగి, ఏడు తిరక్కుండానే అద్దె పెంచాడు. గుండీల వదిన కంతు కడితే అద్దె ఆగింది. అద్దె కడితే కంతు ఆగింది. ఇప్పుడు వేళ్లు వాచి రెండూ ఆగాయి.

సాయంత్రం కంపెనీ తరఫున కంతులాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆడవాళ్లు వచ్చి గడపలో, గడప ముందు కూర్చున్నారు. తలుపు ఉండాల్సిన చోట పాత దుప్పటి వేలాడుతోంది. దాని వెనక కూతురుంది. గుండీల వదిన, తనను సిగ్గుపెట్టడానికి వచ్చినవాళ్లకు టీ కాచి తెచ్చింది. చక్కెర పాచిపనుల ముసలమ్మ దగ్గర బదులు తెచ్చుకున్నదే.

"నా చక్కెరతో నాకే మర్యాద" అని ముసలమ్మ గొణుక్కుంటూ తాగింది.

"నీవల్ల మాకు కొత్త అప్పు రాదు వదినా. మా పిల్లాడి ఫీజు ఎవరు కడతారు?" అని ఒకామె అరిచింది.

"ఏదో ఒకటి సర్దు వదినా" అంది ఇస్త్రీ అక్క. ఆ మాట తనకే చేదుగా తగిలింది.

"అడ్వాన్సు తిరిగిస్తే మీ కంతులన్నీ కట్టేసి పోతా. ఆయన ఇవ్వనంటున్నాడు. నన్నేం చెయ్యమంటారు?"

అప్పుడే ఓనరు ఇద్దరు మోతగాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "గది రిపేరు చేయించాలి. సామాను బయట పెట్టండి" అన్నాడు. కంతులాయన ఆయనకు నమస్కారం పెట్టి, ఆడవాళ్లవైపు తిరిగాడు.

"కాస్త లేచి దారివ్వండమ్మా."

ఇస్త్రీ అక్క అలవాటుకొద్దీ నేలకు చెయ్యి ఆనించి సగం లేచింది. దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డ పిల్ల ముఖం కనబడింది. మళ్లీ కూర్చుంది.

"ఎట్లా లేస్తాం సార్? కంతు పడలేదుగా."

"అది వేరు, ఇది వేరు."

"మీ పద్ధతే సార్ ఇది. లేవమని మీరే అంటే లేస్తాం. కానీ రేపట్నుంచి ఇంకెవరి గడపలోనూ కూర్చోం. ఏమంటారు?"

ముసలమ్మ కాళ్లు బార్లా చాపింది. "నాకు మోకాళ్లనొప్పులు నాయనా. కూలబడితే లేవలేను" అంది. అంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. ఫీజు గురించి అరిచినామె ముందుకు జరిగి ముసలమ్మ పక్కనే కూర్చుంది. ఇన్నాళ్లూ ఒకరి పీక ఒకరు నొక్కడానికి నేర్చిన కూర్చోవడం, ఓనరుకు అడ్డం పడుతుందని వాళ్లకు ఆ పూటే తెలిసింది.

గెలిచారని చెబితే అబద్ధమవుతుంది. రిపేరుకు అడ్డం పడుతున్నారని ఓనరు ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. జుట్టు పట్టి లాగారు. ముసలమ్మను మోసుకెళ్లి అరుగు మీద పడేశారు. గిన్నెలు, మంచం, గుండీల డబ్బా వీధిలోకి వచ్చాయి. డబ్బా మూత ఊడి గుండీలు కాలవ దాకా దొర్లాయి. కంతులాయన "ఈమే లీడరు" అని వేలు చూపించాడు. ఇస్త్రీ అక్కను వ్యానెక్కించారు.

స్టేషన్ వరండాలో నేల మీద కూర్చున్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు. నేను ఊరుకుంటే ఆ తల్లి కాళ్లావేళ్లా పడైనా ఇంకో రెండు రోజులు గడువు తెచ్చుకునేది. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది? చిన్నవాళ్లం, పెద్దవాళ్లతో పెట్టుకుని ఏం బావుకున్నాం? ఎంత తలపోసుకున్నా దారి కనబడలేదు. బల్ల దగ్గర కూర్చున్న కానిస్టేబులు ఆమె ఏడుపు విననట్టే ఏదో రాసుకుంటున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇంకో కానిస్టేబులు ఒక మనిషిని తోసుకుంటూ తెచ్చాడు. భుజాన పనిముట్ల సంచి. ఆమె మొగుడే.

"నువ్వేం చేశావయ్యా?"

"ఓనరు ఆ తలుపు వెనక్కి తెచ్చాడు. బిగించి తాళం పెట్టమన్నాడు."

"పెట్టావా?"

"ఏమీ చెయ్యలేదు. అదే నేరమట."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "వదినా వాళ్లు?"

"లోపలే ఉన్నారు. తలుపు లేని గదికి తాళం ఎక్కడేస్తాడు? మీ వ్యాను మలుపు తిరగ్గానే సామాను మళ్లీ లోపల పెట్టేశాం. గడప నిండా ఆడవాళ్లే. వెనక వరుసవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. రాత్రికి మళ్లీ లాగేస్తారేమో. తెలీదు."

అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇంకో మనిషిని తెచ్చారు. అతని భుజాన కూడా పనిముట్ల సంచి ఉంది.

"వెనక వరుస వడ్రంగి. నేను కాదన్నాక ఆయన్ను పిలిచినట్టున్నారు" అన్నాడు మొగుడు.

"కూర్చోండి ఇక్కడే!" అని కానిస్టేబులు గదమాయించాడు. ఇస్త్రీ అక్క ఇద్దరికీ చోటిస్తూ గోడవైపు జరిగింది. ఇంకా వచ్చేవాళ్లుంటారని మరికాస్త జరిగింది.