నీళ్ళెవరు మోత్తన్నారు?

గవ్వలపేటలో పొద్దున్న పని నీళ్ళతో మొదలయ్యేది, సాయంత్రం పని రేడియోతో ఆగేది.

ఊరి నూతుల్లో నీళ్ళు ఉప్పు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకని ఆడవాళ్ళు తెల్లారుతూనే బిందెలు పట్టుకుని, ఇసక దిబ్బ ఎక్కి దిగి, రుషికొండ వైపు మైలున్నర నడిచి, జీడిమామిడి తోటలో ఉన్న చెలమ దగ్గర వరస కట్టేవారు. రెండు బిందెల మంచినీళ్ళు ఇల్లు చేరేసరికి బారెడు పొద్దెక్కేది.

సాయంత్రం పంచాయతీ గుమస్తా ఆనందకుమార్ ఆఫీసు పక్కగది తాళం తీసి రేడియో పెట్టేవాడు. గది ముందు ఇనపస్తంభం, దాని మీద బాకా. అందులోంచి రైతులకి సలహాలు, బజారు ధరలు, ప్రాంతీయ వార్తలు వరసగా వచ్చేవి. వార్తలు అయ్యాక, తరవాత కార్యక్రమం మొదలయ్యేలోపు కొంచెంసేపు ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు మాట్లాడేవారు.

భిలాయి నుంచి ఒకరు, టాటానగర్ నుంచి ఒకరు, బొంబాయి నుంచి ఇద్దరు ముగ్గురు. నూకాలు కొడుకు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో పని. "అమ్మా, మోకాలి నొప్పి తగ్గిందేటి?" అని అడిగేవాడు. నూకాలు స్తంభం కింద నిలబడి, తల పైకెత్తి, "తగ్గనేదురా, నువ్వంపిన నూనె పిల్లి ఒంపేసింది" అని చెప్పేది. రెండు రోజులకి ఆ పిల్లిని తిడుతూ జవాబొచ్చేది. పోస్టుమాను ఉత్తరం తెస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారా? ఇదీ అంతే.

ఇందులో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి బయల్దేరినవాళ్ళ గొంతు బాకాలో రాదు. దారిలో ఉన్న మనిషి మాట్లాడడు. కిందటేడు నూకాలు కొడుకు గొంతు గురువారం ఆగింది. ఆదివారం పొద్దున్న మద్దిలపాలెంలో బస్సు మారి, రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని దిగాడు.

రోజూ అందరికన్నా ఆఖర్న ఆ స్తంభం దగ్గర్నుంచి కదిలేది కాంతం. ఆమె పెనిమిటి వీర్రాజు గొంతు ఏడేళ్ళలో ఒక్కసారీ రాలేదు. "రాకపోతే మంచిదే కదే, దార్లో ఉన్నాడన్నమాటే" అని పక్కింటి అప్పాయమ్మ అనేది. మొదటి ఏడాది ఆ మాట ఓదార్పుగా ఉండేది. ఏడో ఏడు వచ్చేసరికి అప్పాయమ్మే అనడం మానేసింది.

వీర్రాజు గోదావరి జిల్లా మనిషి. హార్బరు పనికి వచ్చి, ఒకనాడు గవ్వలపేటకి చేపలు కొనడానికి వచ్చి, కాంతాన్ని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. డ్యూటీకి పోయేముందు కావిడి భుజాన వేసుకుని తనే నీళ్ళు తెచ్చేవాడు. మగాడు నీళ్ళు మోయడం ఆ ఊళ్ళో లేదు. "ఏటి బావా, సీర కూడా కట్టుకోనేకపోయావా?" అని అరుగుల మీద వాళ్ళు ఎకసెక్కాలాడితే, "మీ చెల్లి ఉతికి ఆరేసిందండీ, ఆరగానే కట్టుకుంటానండి, ఆయ్" అంటూ నవ్వుతూ దాటిపోయేవాడు. తరవాత సరుకుల ఓడలో ఖలాసీ పని ఉందంటే ఎక్కాడు. ఏడాదిలో వచ్చేస్తానన్నాడు. సింగపూరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఆ తరవాత కార్డూ లేదు, ఓడ కబురూ లేదు. కావిడి బద్ద కాంతం ఇంటి చూరులో అలాగే ఉంది.

పంచాయతీలో ఆడ మెంబరు ఒకరుండాలని చట్టం. అయిదో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఊళ్ళో కాంతమే కాబట్టి ఆమె మెంబరైంది. అంతమాత్రాన ఆమెను మీటింగుకి పిలిచేవారు కాదు. తీర్మానాల పుస్తకం ఆనందకుమార్ ఇంటికే తెచ్చేవాడు. ఆమె చెయ్యి తుడుచుకుని, గుమ్మంలో నిలబడి సంతకం పెట్టేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఎండాకాలంలో గవ్వలపేటకి జీపు వచ్చింది. దిగినాయన టూరిస్టు ఆఫీసరు. రుషికొండ ఒడ్డుని చూడడానికి మనుషులు రావడం మొదలైందని, అక్కడొక విశ్రాంతి షెడ్డు వేస్తామని చెప్పాడు. షెడ్డుకి మంచినీళ్ళ గొట్టం ఊరి మీదుగానే వెళ్ళాలట. పంచాయతీ తన వంతు కలిపితే దారిలో ఊరికీ కొళాయి ఇస్తారట. వంతు అంటే పంచాయతీ సమితి నుంచి ఆ ఏడు వచ్చిన నిధి, దాంతోపాటు రేడియో, బాకా. స్నానాలు చేసేవాళ్ళని హెచ్చరించడానికి, తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పడానికి, పాటలు వేయడానికి ఒడ్డున మైకు కావాలి. కొత్తది కొనాలంటే ఫైలు హైదరాబాదు వెళ్ళి రావాలి.

చిక్కేమిటంటే, ఆ నిధి అప్పటికే రేడియో గదికి అనుకున్నారు. తుపానుకి గది కప్పు లేచిపోయింది. వానలు పడేలోగా కొత్తది వేయకపోతే రేడియో తడిసిపోతుంది. అటో ఇటో తేల్చాలని ప్రెసిడెంటు జగ్గయ్య ఆ ఆఫీసరు ఎదుటే మీటింగు పెట్టాడు.

ఊరంతా ఆఫీసు కిటికీల దగ్గర చేరింది. సోడాకొట్టు దొరబాబు కూడా మెంబరే. అతను టూరిస్టుల పక్షం. మనుషులొస్తే బేరాలొస్తాయి, ఊరి పేరు పది చోట్ల వినపడుతుంది అన్నాడు. కిటికీ అవతల నుంచి నూకాలు, "నీ కొడుకులు ముగ్గురూ నీ కొట్లోనే కూకుంటే బాకాతో నీకేటి పని?" అంది. అందరూ నవ్వారు, దొరబాబు కూడా. కానీ చేతులెత్తమన్నప్పుడు నలుగురు కొళాయికి ఎత్తారు, నలుగురు రేడియో గదికి ఎత్తారు. ప్రెసిడెంటు చెయ్యి ఆ ఎనిమిదిలో కలిసే ఉంది.

జగ్గయ్య గడ్డం గోక్కుని, గుమ్మం దగ్గర నిలబడ్డ కాంతం వైపు తిరిగాడు.

"అమ్మా కాంతం, ఈ రోజు సంతకం సాలదు. సెయ్యెత్తాల."

నూకాలు ముఖం విచ్చుకుంది. బాకా పోవాలని ఊళ్ళో ఎవరు కోరుకున్నా కాంతం కోరుకోదని అందరికీ తెలుసు.

కాంతం కిటికీలోంచి చూసింది. స్తంభం మీద బాకా ఎండకి మెరుస్తోంది. స్తంభం కింద అప్పాయమ్మ కోడలు అసిరమ్మ కూర్చుని ఉంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. నెల కిందట ఆరో నెల కడుపుతో, రెండు బిందెలతో దిబ్బ దిగుతూ జారింది. వెనకే వస్తున్న కాంతమే ఆమెను లేవదీసింది. ఒలికిన నీళ్ళు ఇసకలోకి ఇంకిపోయేలోపే తెలిసిపోయింది, బిడ్డ నిలవదని.

"కొళాయి ముందు మా ఊళ్ళో ఏత్తారా, ముందు మీ షెడ్డుకేత్తారా?" అని కాంతం ఆఫీసరుని అడిగింది. రెండూ ఒకేసారి అన్నాడాయన.

"అలక్కాదు బాబూ. ముందు ఊళ్ళో నీళ్ళు రావాల. వచ్చిన మర్నాడే బాకా ఇప్పుకెళ్ళండి. ఆ మాట పుస్తకంలో రాయండి."

ఆనందకుమార్ రాశాడు. ఆఫీసరు దాని కింద సంతకం పెట్టాడు. అప్పుడు కాంతం కొళాయికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోతే, జగ్గయ్యే "సాలమ్మా, రాసుకున్నాం" అన్నాడు.

శ్రావణంలో కొళాయి వచ్చింది. మొదటి బిందె అసిరమ్మ చేత పట్టించారు. ఆ రోజు ప్రతి ఇంట్లో పప్పు ఉడికింది. మర్నాడు బాకా దిగింది.

ఊరివాళ్ళు మూడు సాయంత్రాలు దిబ్బ దాటి ఒడ్డుకి వెళ్ళారు. సముద్రంలో స్నానాలు చేసేవాళ్ళకి వినపడేలా షెడ్డు మీద బాకా బిగించారు, ఆనందకుమారే రోజూ వెళ్ళి రేడియో పెడుతున్నాడు. వార్తలయ్యాయి. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో వానాకాలపు కెరటాల హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. భిలాయి లేదు, టాటానగర్ లేదు, బొంబాయి లేదు. నాలుగో సాయంత్రం నుంచి ఎవరూ వెళ్ళలేదు. ఆనందకుమార్ కూడా రేడియో పెట్టేసి, వార్తలు కాకముందే ఊళ్ళోకి వచ్చేసేవాడు.

నూకాలు కాంతంతో మాట మానేసింది. మానేసేముందు ఒక్క మాట అంది. "నా కొడుకు గొంతు అమ్మి నీళ్ళు కొన్నావే." కొళాయి దగ్గర కాంతం ఉంటే ఆమె వెళ్ళేవరకూ దూరంగా నిలబడేది. కాంతం తన బిందె సగం నిండగానే తీసుకుని, చోటు ఇచ్చి వెళ్ళిపోయేది. సాయంత్రాలు వట్టి స్తంభం వైపు కాళ్ళు వాటంతటవే నడిస్తే, మధ్యలో ఆగి వెనక్కి తిరిగేది.

క్రిస్మస్ సెలవులకి ముందు పట్నం నుంచి కాన్వెంటు పిల్లలు వచ్చి ఒడ్డున గుడారాలు వేసుకున్నారు. వాళ్ళ టీచరు పుష్పకుమారి ఒక మధ్యాహ్నం చేపల కోసం ఊళ్ళోకి వచ్చింది. కాంతం చేపలు శుభ్రం చేసి ఇస్తుంటే అడిగింది.

"ఈ ఊళ్ళో కాంతం అనే ఆవిడ ఉన్నారాండీ?"

"నానే. ఎందుకమ్మా?"

"రోజూ వార్తలయ్యాక మైకులో ఒకాయన మిమ్మల్ని అడుగుతున్నారు. ఎవరూ జవాబు చెప్పట్లేదు. గోదావరి వైపు మాట. 'నీళ్ళెవరు మోత్తన్నారే కాంతం?' అని. మా పిల్లలకి ఆటయిపోయింది, నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా అదే మాట."

కాంతం కత్తిపీట మీంచి లేచింది. చేతులు కడుక్కుందో లేదో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం షెడ్డు దగ్గర ఆనందకుమార్, గుడారాల పిల్లలు, కాంతం. వార్తలు అయిపోయాయి. ఖాళీలో ముందు నీళ్ళు ఊగుతున్న చప్పుడు. తరవాత చాలా దూరం నుంచి, ఏడేళ్ళు అరిచి బొంగురుపోయిన గొంతు.

"నీళ్ళెవరు మోత్తన్నారే కాంతం?"

ఆనందకుమార్ బాకా వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు, నుదురు కొట్టుకున్నాడు. "ఉప్పుగాలికి తుప్పు పడతాదని అప్పట్లో ఊళ్ళో దాని మూతి కొండవైపు తిప్పింది నానే అప్పా. భిలాయోళ్ళ గొంతు, బొంబాయోళ్ళ గొంతు అటేపు నుంచొచ్చింది. సముద్రం మీదోడిది దాని వీపుకి తగిలి పోయుంటాది. ఏడేళ్ళూ తిప్పి సూద్దామని ఎవులికీ తోచనేదు. ఇక్కడికొచ్చాక ఆ మూడు సాయంత్రాలూ కెరటాల హోరుకి ఇనపడనేదు."

కాంతానికి అతని మాట సగమే వినపడింది. ఇన్నేళ్ళూ ఆ స్తంభం కింద ఏమేం చెప్పాలో రోజూ కూడబెట్టుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. అడిగినదానికే జవాబు చెప్పింది.

"ఎవులూ మొయ్యక్కర్నేదు. ఊళ్ళోకి కొళాయొచ్చింది."

సముద్రం దూరం. జవాబు రెండు రోజుల్లో రాలేదు. ఆ లోపల ఆనందకుమార్ బాకా మర వదులు చేసి దానికి తాడు కట్టాడు. ఖాళీలో సగంసేపు కొండవైపు, సగంసేపు సముద్రం వైపు తిప్పేవాడు. మొదటి రోజే నూకాలు కొడుకు గొంతు ఖంగుమని వచ్చింది, ఇన్నాళ్ళూ ఎవరూ పలకలేదేమిటని కేకలేస్తూ. నూకాలు కొడుకుతో మాట్లాడడం అయ్యాక ఇంటికి పోలేదు. బాకా సముద్రం వైపు తిరిగేటప్పుడు కాంతం పక్కన వచ్చి నిలబడింది. భుజానికి భుజం ఆనేంత దగ్గరగా నిలబడిందంతే.

తొమ్మిదో సాయంత్రం వీర్రాజు నవ్వాడు. పాత నవ్వే.

"కొళాయొచ్చేసిందా? అయితే మరి నేను రానక్కర్లేదంటావా?"

దిబ్బ మీద నిలబడ్డ ఊరంతా కాంతం వైపు తిరిగింది. కాంతం తల పైకెత్తింది.

"మొయ్యడానికి అక్కర్నేదు. తాగడానికి రా."

మళ్ళీ పది రోజుల్లోపు జవాబొస్తుందని అందరూ అనుకున్నారు. మర్నాడు బాకా సముద్రం వైపు తిరిగింది. కెరటాలు తప్ప ఏమీ లేదు. ఆ మర్నాడూ అంతే. పదకొండో రోజు కూడా ఏమీ రాకపోతే నూకాలు మెల్లిగా, ఎవరూ వినకూడదన్నట్టు, "ఆగింది కదే" అంది.

"ఆగింది" అంది కాంతం.

ఇంటికి వెళ్ళి అటక మీంచి కంచు చెంబు దించింది. చింతపండు వేసి తోమింది. అప్పట్నుంచి రోజూ తెల్లారుతూనే కొళాయి దగ్గర దాన్ని నింపి, మూత పెట్టి అరుగు మీద ఉంచేది. మర్నాడు ఆ నీళ్ళు మునగ మొక్కకి పోసి, కొత్తవి పట్టేది. ఓడ ఏ రేవులో ఆగినా మద్దిలపాలెంలో బస్సు మారకుండా గవ్వలపేట రాలేరని ఆమె లెక్క. అందుకని మొదటి బస్సు వేళకి నీళ్ళు కొత్తవై ఉండాలి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక పొద్దున్న చెంబు ఇంకా నిండలేదు. ఊరి మలుపులో మొదటి బస్సు ఆగిన చప్పుడైంది. వెంటనే కదలలేదు, ఎవరో దిగుతున్నారు. ఆ తరవాత అరుగుల మీంచి ఎవరో, "ఏటి బావా, ఆరిందా సీర?" అన్నారు.

కాంతం చెంబు వదిలేసి, కొళాయి కట్టకుండానే పరిగెత్తింది. మంచినీళ్ళు ధారగా ఇసకలోకి పోతున్నాయి. ఆ ఊళ్ళో నీళ్ళు అలా పోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు అందరూ చూస్తూనే ఉన్నారు, ఎవరూ వెళ్ళి కట్టలేదు.