వెనక అట్ట మీది పేరా

ఆకాశం అనే మాటతో మొదలుపెడితే ఏం పాపం, అందరి నెత్తిమీదా ఉండేదేగా, అనుకుంటూనే ఆమె ఆ మాట కొట్టేసింది, కొట్టేసి మబ్బు అని పెట్టింది, మబ్బు పెడితే మాత్రం ఏం ఒరిగింది, పబ్లిషరమ్మ నిన్న ఫోన్లో మొహమాటం లేకుండా అననే అంది, నవల బాగుందమ్మా, మొదటి పేరా ఒక్కటే నిద్రపుచ్చుతోంది, మన పుస్తకాలకి వెనక అట్ట మీద పొగడ్తలూ గిగడ్తలూ ఉండవు, మొదటి పేరానే అచ్చేస్తాం, కొట్లో మనిషి నిలబడి చదివేది అదే, పట్టుకుంటే కొంటాడు, లేకపోతే పక్క పుస్తకం తీస్తాడు, రేపు సాయంత్రంలోగా కొత్తది పంపు, లేదంటే నీది పక్కన పెట్టి ఇంకొకళ్ళది ప్రెస్సుకి పంపేస్తా, మళ్ళీ నీ వంతు ఎప్పుడో చెప్పలేను, ఆ రేపు ఇవాళే, సాయంత్రం కూడా ఎంతో దూరంలో లేదు, ఇక్కడేమో పళ్ళ డాక్టరు గదిలోంచి డ్రిల్లు మోత నేరుగా బుర్రలోకి దిగుతోంది, రిసెప్షన్ బల్ల మీది కంప్యూటర్లో ఒక పక్క పేషెంట్ల పేర్లు, ఇంకో పక్క తన మబ్బు, ఏళ్ళ తరబడి ఇదే బల్ల దగ్గర పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికిన ఖాళీలో రాసిన నవల, చివరి అధ్యాయం రాస్తూ తనే ముక్కు చీదుకుంటుంటే డాక్టరు జలుబనుకుని ఇంటికి పొమ్మన్నాడు, అంత రాసిన చెయ్యి ఈ నాలుగు వాక్యాల దగ్గరికొచ్చి మొరాయిస్తోంది, భర్తని సలహా అడగడం తనదే బుద్ధి తక్కువ, మొదట్లోనే ఒక శవాన్ని పడెయ్యి, జనం వదలరు అన్నాడు, ఎవరి శవమండీ అంటే ఎవరిదో ఒకరిదిలే, తర్వాత చూసుకోవచ్చు అన్నాడు, బీరువాలు చేసే మనిషి, తలుపు బిగుసుకుంటే అంచు చిత్రిక పట్టినట్టు ఇదీ పట్టెయ్యొచ్చనుకుంటాడు, కూతురు ఇంకా నయం, రెండు వాక్యాలు చదివి, అమ్మా, ఇందులో మనుషులు ఎప్పుడొస్తారు అంది, పిల్లకాకి, దానికేం తెలుసు, తెలుసు, అదే ఒళ్ళు మండిపోతోంది, వీటన్నిటినీ మించింది పొద్దున జరిగింది, పన్ను పీకించుకోవాల్సిన పెద్దావిడకి టైము చెబుతూ మెసేజి పెట్టాల్సింది, కాపీ చేసి ఉంచుకున్న పేరా అతికించి పంపేసింది, ఆకాశమూ మబ్బూ వాన వాసనా అన్నీ చదువుకుని ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చింది, ఇదంతా బాగానే ఉంది గానీ నేను ఎన్నింటికి రావాలమ్మా.

అంతే, లోకం మొత్తం మీద తన మొదటి పేరా గురించి ఇంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పలేరు, ఫోన్ మోగింది, పేషెంటేమో అనుకుని నమస్కారమండీ అంటే నాన్న, ఏమ్మా పంపావా అన్నాడు, ఇంకా లేదు నాన్నా, ఎప్పుడొస్తుందన్నారు పుస్తకం, నిన్ననే కదా చెప్పాను, మొన్న కూడా చెప్పాను, రోజూ ఇదే ప్రశ్న, పాపం ఆయన చూపు మందగించింది, లోపలిదంతా నావల్ల కాదు గానీ వెనక అట్ట మాత్రం నేనే చదువుకుంటా, అక్షరాలు కాస్త పెద్దవి వెయ్యమను అని ఎప్పుడో చెప్పి పెట్టాడు, ఎందుకమ్మా అంత అవస్థ, నీకు మాటలు రాకపోవడమేమిటి, మీ అమ్మలా మూతి బిగించుకునే రకం కాదుగా నువ్వు, అన్నాడు, మామూలుగానే అన్నాడు, ఉంటాను నాన్నా, పని ఉంది అని ఫోన్ పెట్టేసింది, పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది, మూతి బిగించుకునే రకమట, నాన్నకి చెప్పు, వడ్డించానని, అని వంటింట్లోంచి అమ్మ, మీ అమ్మనడుగు, తాళాలెక్కడ పెట్టిందో, అని ముందుగదిలోంచి నాన్న, మధ్యలో గౌను వేసుకున్న తను అటూ ఇటూ పరుగులు, ఆ సంగతి నాలుగో అధ్యాయంలో ఉంది, అక్కడే ఉండనీ, ఇప్పుడు కావలసింది మొదటి పేరా, మబ్బు తీసేసి పొగమంచు పెడితే?

తలుపు తోసుకుని పెద్దావిడ వచ్చింది, చెంప మీద చెయ్యి, చేతిలో చిన్న సంచీ, రావడమే మహాభాగ్యం, ఇంతకుముందు రెండుసార్లు ఈ గదిదాకా వచ్చి పారిపోయింది, ఈసారి గానీ పోతే చిగురు మొత్తం చీము పడుతుంది, ఎలాగైనా కూర్చోబెట్టు అని డాక్టరు పొద్దున్నే చెప్పాడు, కూర్చుంది, డ్రిల్లు మోగింది, లోపల ఎవరో మూలిగారు, లేచింది, ఇవాళ తగ్గినట్టే ఉందమ్మా, మళ్ళీ వస్తాలే, కూర్చోండి పెద్దమ్మా, మీదే తర్వాతి వంతు, మత్తిస్తారు, ఏమీ తెలియదు, చీమ కుట్టినట్టుంటుంది, రోజూ అప్పజెప్పే పాఠమంతా అప్పజెప్పింది, ఆవిడ తలుపు దాకా వెళ్ళి పిడి మీద చెయ్యేసి, ఊరికే వెళ్ళిపోతే బాగుండదనుకుందేమో, పొద్దున ఆ వాన కబురు పంపింది నువ్వేనా, ఏమిటది, అంది, నా నవలండీ, దేని గురించమ్మా, ఎవరైనా అడిగితే చెప్పడానికి మానవ సంబంధాల గురించని ఒక చక్కటి జవాబు తయారుగా ఉంది, కానీ పొద్దుట్నుంచీ మబ్బులతో కుస్తీ పట్టి పట్టి విసిగిపోయిన నోటికి అది గుర్తు రాలేదు, మా అమ్మ గురించి, పోయేదాకా పదకొండేళ్ళు మా నాన్నతో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క పూట కూడా ఆయనకి చల్లారింది వడ్డించలేదు, అనేసింది, కాస్త కోపంగానే అనేసింది.

పిడి మీది చెయ్యి కిందికి దిగింది, ఎందుకూ, అంది పెద్దావిడ, అంటూనే వెనక్కొచ్చి కూర్చుంది, తాగేవాడా, లేదండీ, కొట్టేవాడా, అబ్బే, ఇంకెవరైనా ఉన్నారా ఆయనకి, అయ్యో లేదండీ, మరెందుకమ్మా, ఇంతసేపూ మూల కుర్చీలో ఫోన్లో తల దూర్చి కూర్చున్న బుగ్గ వాపు పేషెంటు కూడా తలెత్తి చూస్తున్నాడు, లోపల్నుంచి డాక్టరు పిలిచాడు, ఉండు బాబూ, అమ్మాయి ఏదో చెబుతోంది అంది పెద్దావిడ, పన్ను ఊసే మరిచిపోయి, మీరు లోపలికెళ్ళి రండి, వచ్చాక చెబుతాను అంటే, చెప్పాలి మరి, అని వేలు చూపించి నిజంగానే వెళ్ళింది, తలుపు మూసుకుంది, ఇక్కడ బల్ల దగ్గర తను మబ్బునీ వాననీ ఒకేసారి చెరిపేసి, నోట్లోంచి ఊడిపడ్డ ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు టైపు చేసింది, పబ్లిషరమ్మకి పంపబోయింది, వేలు ఆగిపోయింది.

నాన్న చదివేది ఆ ఒక్క పేరానే, కళ్ళకి దగ్గరగా పట్టుకుని, పెదాలు కదుపుతూ, అందుకా, ఇన్నాళ్ళూ అందుకా మబ్బులూ పొగమంచులూ, రాయడం చేతగాక కాదు, వెనక అట్ట చదివి నాన్న నొచ్చుకోకూడదని, ఆయన ఒక్కడికీ గుచ్చుకోకుండా రాయబోయి ఎవరికీ గుచ్చుకోకుండా రాసింది, ఛీ, తన మీద తనకే ఒళ్ళు మండింది, ఆసుపత్రి మంచం మీద అమ్మ తనకొక్కదానికే చెప్పింది, నలుగురి ముందూ సరదాగా ఏదో చెబుతున్నానే, మధ్యలో మీ నాన్న ఇక చాల్లే అన్నారు, అందరూ నవ్వారు, చాలన్నారుగా, ఆపేశాను, అంతే, అంతేనా అమ్మా అంటే ఇంకేం కావాలి అంది, ఆ మాట అన్నట్టు నాన్నకి గుర్తే లేదు, వాకిట్లోంచి అమ్మని తీసుకెళ్ళిపోయాక ఆయన తన పక్కన కూర్చుని ఏదో అడగబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు, అప్పట్నుంచీ అడగలేదు, అడగకపోవడమేమిటి, రోజూ అడుగుతూనే ఉన్నాడుగా, ఎప్పుడొస్తుందమ్మా పుస్తకం, కూతురు పేరు అచ్చులో చూసుకోవాలన్న ముచ్చటనుకుంది తను, అది అమ్మ గురించిన పుస్తకమని ఆయనకి తెలుసు, అమ్మ ఎందుకు మాట్లాడలేదో అందులో ఎక్కడో ఒకచోట ఉంటుందని తెలుసు, వెనక అట్ట దగ్గర ఆగడు, భూతద్దం పెట్టుకునైనా, మనవరాలి చేత చదివించుకునైనా లోపలికొస్తాడు, ఎందుకో తెలుసుకోకుండా ఉండలేని వాళ్ళలో మొట్టమొదటి మనిషి ఆయనే, ఆగిన వేలు కదిలింది, పంపేసింది.